గీత మందం

మంగళవారం రాత్రి.

నా పేరు గాజుల రాజవ్వ, వయసు డెబ్బై రెండు. సూరత్‌లోని ఉన్ అనే పేటలో మనవరాలు లావణ్యతో ఉంటాను. నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

పోయిన వారం సర్వే ఆయన కొత్త రోడ్డు నక్షా చూపించాడు. అందులో మా ఇళ్ళ వరుసను ఒరుసుకుంటూ సన్నటి ఎర్రగీత ఉంది. మా సాలెవాళ్ళ డిజైన్ కాగితంలో ఒక గడి అంటే బట్టలో ఒక్క పోగు. కాగితం మీద పెద్దది, అసలుది చిన్నది. నక్షా కూడా అంతే అనుకుని, "మెట్లు గుడ పోవు, ఊకె భయపడకుండ్రి" అని వాడకట్టుకంతా చెప్పాను. నా మాట నమ్మి ఎవరూ ఆఫీసులో అభ్యంతరం రాసివ్వలేదు. నిన్నటితో దానికి గడువు అయిపోయింది.

ఈ రోజు మా ఇంటికి ఎర్రరంగు గుర్తు వేశారు, ముందు మెట్లకు కాదు, ఇల్లంతా దాటి వెనక గోడకు. గుర్తు వేసినవాళ్ళ మీదికి నేను కర్ర ఎత్తాను. లావణ్య ఫోన్‌లో ఉన్న నక్షా ఫోటో తెరిచి, మూలన ఉన్న కొలత చూసి గొంతు తగ్గించింది.

"అవ్వా, నక్షాల అసలుదాన్ని చిన్నగ జేస్తరు. మన ఇల్లు గా గీత మందంలనే ఉన్నది."

పక్కింటి నర్సయ్య నన్ను నమ్మి గోడలకు సున్నం వేయిస్తున్నాడు. "గా గుర్తు ఏందక్కా?" అన్నాడు. నేను లోపలికి వచ్చి లావణ్యను కాగితం తెమ్మన్నాను.

రాజవ్వ వేలిముద్ర.
సాక్షి: లావణ్య.
రెండో సాక్షి నర్సయ్య. ఇంకా పిలవలేదు.