భీమిలి లైట్‌హౌస్ ఫోటో

ఎల్బీ నగర్,
ఆగస్టు 2011.

త్రినాథరావు గారికి నమస్కారాలు.

పోయిన నెల భీమిలి లైట్‌హౌస్ ఫోటో తీసుకోవడానికి మీ మేడ ఎక్కింది నేనే. "ఏ ఊరు బాబూ?" అని మీరడిగితే "రాజమండ్రి" అన్నాను. అది అబద్ధం. మాది పోచంపల్లి. ఉద్యమం రోజులు కదా, తెలంగాణ వాడినంటే గేటు దగ్గరే ఆపేస్తారని భయపడి, యాస కూడా మార్చి మాట్లాడాను.

మీరు మేడ ఎక్కించడమే కాదు, కూర్చోబెట్టి అన్నం పెట్టారు. వడ్డిస్తూ అన్నారు: "మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటోంది. బంద్ రోజున నొప్పులొస్తే పక్కింటి వజ్రమ్మ గారే 'భయపడకు బిడ్డా, నేనున్న గదా' అని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారట. అటువైపు మనిషి ఎవరైనా వస్తే ఒక్కపూట భోజనం పెట్టాలని ఉంది, బాబూ."

అప్పుడైనా చెప్పవలసింది. తల వంచుకుని తిన్నాను. మజ్జిగ కూడా పోయించుకున్నాను.

మీ మేడ మీంచి తీసిన ఫోటో దీంతో పంపుతున్నాను. చాలా బాగా వచ్చింది. నా దగ్గర ఉంచుకోలేకపోతున్నాను.

ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పవద్దని పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. చెప్పండి.

మీ ఇంట్లో అన్నం తిన్న
పోచంపల్లి మనిషి