దొరగారి పెట్టె కొలతలు

ఊళ్ళో లిఫ్టులన్నీ వదిలేసి, సముద్రం అవతల లిఫ్టులు బాగుచేస్తూ కూర్చున్న శ్రీవారికి,

మేమంతా బాగానే ఉన్నాం. బుజ్జిదానికి ముందు పన్ను ఊడింది. చంటాడు నాలుగు మాటలు నేర్చాడు, అందులో మూడు తిట్లే. నేను నేర్పలేదు. మన పిల్లి మేనత్త పొద్దున్నే లేచి ఇల్లంతా తనిఖీ చేసి, ఏదీ నచ్చక మళ్ళీ పడుకుంటోంది. మన కుక్క దొర మాత్రం ఇంకా వీధి తలుపు దగ్గర మీ పాత బూటు మీదే తల పెట్టుకుని పడుకుంటున్నాడు. విమానం కోసం మీరు కొన్న పెట్టెలోకి ఛస్తే వెళ్ళడు. కుక్క పెట్టెలో పిల్లి కాపురం పెట్టింది మరి.

అసలు సంగతి చెబుతాను. మేనత్త కాగితాలు సరిపోయాయి గానీ దొర కాగితాలు తిరిగొచ్చాయి. మెడ చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టించాకే రేబిస్ టీకా వేయించాలట, ముందు వేసింది లెక్కలోకి రాదట. వాడికి టీకా పోయిన నెల నాలుగున పడింది, చిప్ పదకొండున. మళ్ళీ టీకా వేయించి ఇరవై ఒక్క రోజులు ఆగాలి. అంటే మా ఇరవయ్యో తారీఖు ప్రయాణం గోవిందా. పదకొండేళ్ళు పశువుల ఆసుపత్రిలో నర్సుగా చేసి ఈ పొరపాటేమిటని డాక్టరుగారు కళ్ళజోడు తీసి మరీ చూశారు. ఏం చెయ్యను, జరిగిపోయింది.

ఉంటాను,
మీ ఇంటావిడ

*

ఏమండీ,

నిన్న ఫోనులో "పోనీలే, మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి" అన్నారు. ఒక్క మాట విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఫోనులో చెబుదామంటే పక్కన బుజ్జిది చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఇప్పుడది బడికి వెళ్ళింది, చంటాడు మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. వాడు లేచేలోపు రాసేస్తాను.

అది పొరపాటు కాదు. కావాలనే చేశాను.

ఆ వరస నాకు తెలియక కాదు. విదేశాలకు కుక్కల్ని తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ "ముందు చిప్, తర్వాతే టీకా, మర్చిపోకండి" అని చెప్పేది నేనే. ఆ మాట అట్ట మీద రాసి గోడకి అంటించిందీ నేనే. ఆ రోజు ట్రేలో రెండూ పెట్టుకున్నాను. దొర బల్ల మీద గడ్డం ఆనించి నా మొహంలోకే చూస్తున్నాడు. నా చెయ్యి టీకా సూది వైపు వెళ్ళింది. డాక్టరుగారు అడిగితే "చిప్ పోయినసారే పెట్టేశానండీ" అని అబద్ధం చెప్పాను. వారం తర్వాత ఎవరూ చూడకుండా అది పెట్టాను. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను.

ఎందుకంటారా? మీకు ఉద్యోగం కాగితం వచ్చిన రోజు గుర్తు చేసుకోండి. టేపు తెచ్చి దొరని ముక్కు దగ్గర్నుంచి తోక మొదలుదాకా కొలిచారు. నిలబడితే ఎత్తెంత, పడుకుంటే పొడవెంత, అన్నీ రాశారు. పెట్టె తాలూకు ఫారంలో "కరుస్తుందా?" అన్న ప్రశ్న దగ్గర పావుగంట ఆలోచించారు. మేనత్తకి విమానంలో కళ్ళు తిరుగుతాయేమోనని డాక్టరుగారికి రెండుసార్లు ఫోను చేశారు. బుజ్జిదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏయే బొమ్మలు తీసుకెళ్దామని అడిగారు. నన్ను మాత్రం వస్తావా అని అడగలేదు. మీ స్నేహితుడు అడిగితే "తనదేముందిరా, ఎక్కడైనా సర్దుకుపోతుంది" అన్నారు. నేను టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను.

సర్దుకుపోతాను, నిజమే. కానీ ఇక్కడ నేను తలుపు తీయగానే తోకలూపేవాళ్ళు నలభై మంది ఉన్నారు. ఎంత కరిచే కుక్కనైనా మూతి కట్టకుండా పట్టుకోగలనని డాక్టరుగారు కొత్తవాళ్ళకి నన్ను చూపించి చెబుతారు. అక్కడ నేనెవర్ని? కుక్క కాగితాలు చెల్లుతాయో లేదో కనుక్కున్నారు, నా సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో ఒక్కసారైనా కనుక్కున్నారా? నాకు చాలా బాధేసింది. ఆ బాధంతా దొర మీద తీర్చుకున్నాను. పాపం, వాడికి అనవసరంగా ఇంకో సూదిపోటు. వాడికి క్షమాపణ చెబితే చెయ్యి నాకాడు. మీకు నేను చెప్పాలో, నాకు మీరు చెప్పాలో తెలియడం లేదు.

మీ మొండిఘటం

*

డాక్టరమ్మా,

నాకు ముందే అనుమానం వచ్చింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే మేం ముందు మోటారు విప్పం, లోపల ఎవరైనా లిఫ్టు ఆపే ఎర్ర బొత్తాం నొక్కారేమో చూస్తాం. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా ఫ్రిజ్‌లో పెట్టని మనిషివి, నువ్వు తేదీలు తారుమారు చేస్తావా? ఎవరు నొక్కారో తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

అప్పుడూ అంతే. నిన్ను మర్చిపోయి కాదు అడగంది. అడిగితే రానంటావని భయం. నువ్వు రానంటే నా ప్రయాణం అక్కడితో సరి. అందుకే టేపు పట్టుకుని కుక్క చుట్టూ తిరిగాను. సర్దుకుపోతుందన్నది నాకు నేను ధైర్యం చెప్పుకోవడానికి. తప్పే. లెంపలేసుకుంటున్నాను, చూడ్డానికి నువ్వు లేవు.

నిన్న సెలవు పెట్టి ఇక్కడి పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. "కుక్క ఏదీ?" అన్నారు. "మా ఆవిడ కోసం వచ్చాను" అన్నాను. కాసేపు వాళ్ళకి అర్థం కాలేదు. అబద్ధం చెప్పను, నీ సర్టిఫికెట్ ఇక్కడ నేరుగా చెల్లదు. ఏడాది చదివి పరీక్ష రాయాలి. చదువుతూ రోజూ సగం పూట వాళ్ళ దగ్గరే పని చేయొచ్చట. ఇప్పటిదాకా నాది తాత్కాలిక ఉద్యోగమే, మూడేళ్ళ ఒప్పందం మీద నేనింకా సంతకం పెట్టలేదు, నెలాఖరుదాకా గడువుంది. నువ్వు వద్దంటే వచ్చేస్తాను. మన ఊళ్ళో లిఫ్టులు చెడిపోవడం మానేశాయా ఏం?

ఆలస్యంగానైనా అడుగుతున్నాను. వస్తావా?

నీ పిరికివాడు

*

పిరికి శ్రీవారికి,

కుక్క లేకుండా కుక్కల ఆసుపత్రికి వెళ్ళి "మా ఆవిడ కోసం" అన్నారని చదివి పకపకా నవ్వాను. బుజ్జిది హడలిపోయింది. "అబద్ధం చెప్పను" అన్నచోట మాత్రం ఏడుపొచ్చింది.

డాక్టరుగారికి అంతా చెప్పేశాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత "ఆ గోడ మీది అట్ట నువ్వే తీసుకుపో, నీకే అవసరం" అన్నారు. ఇవాళ దొరకి మళ్ళీ టీకా వేశాం. బుజ్జిది కాగితం మీద ఇరవై ఒక్క గళ్ళు గీసింది, రోజుకో కుక్క బొమ్మ వేస్తుందట. మేనత్తని ఖాళీ చేయించి, పెట్టెలో మీ పాత బూటు పడేశాను. దొర దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఓసారి మూలిగి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

వస్తాను. టేపు తీసి నా కొలతలూ రాసుకోండి, అదే ఫారం నింపుతున్నాను. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, కోపమొస్తే ఇంకో అంగుళం. కావలసిన చోటు, కిటికీ పక్కన చదువుకునే బల్ల. దాని మీద మీ స్క్రూడ్రైవర్లు కనబడకూడదు. తిండి సంగతి, నా పరీక్ష అయ్యేదాకా సాయంత్రం వంట మీదే. ఏడాది తిరిగాక ఉందామా, వెళ్ళిపోదామా అని మళ్ళీ అడగాలి. నేను నోరు తెరవకముందే మీరే అడగాలి.

కరుస్తుందా అంటారా? అడక్కుండా ఎక్కిస్తే కరుస్తుంది. అడిగారు కాబట్టి, తనంతట తనే వచ్చి ఎక్కుతుంది.

మీ ఆవిడ