మూడో టైటిల్ బ్లాకులో పొడి అక్షరాలు

ఆర్.కె. పురం,
ఢిల్లీ.
ఆదివారం సాయంత్రం

అక్కకి,

తమ్ముడు సూర్యం నమస్కారాలతో రాసేది. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కషాయాలు మానేసి డాక్టరుకి చూపించుకోమని కిందటిసారి రాశాను. చూపించుకుని ఉండవు, నాకు తెలుసు. నా గురించి బెంగ పెట్టుకోకు. జలుబు తప్ప నాకు జబ్బేమీ లేదు.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండింటిలోనూ ఒకటే అడిగావు, ఉద్యోగం పర్మినెంటు అయిందా అని. అయిందక్కా. అయి తొమ్మిది రోజులైంది. కార్డు ముక్క మీద రాసి పడేయాల్సిన కబురు ఇన్నాళ్ళు ఎందుకు రాయలేదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. మీ స్కూల్లో టీచర్లకి అప్పుడే చెప్పకు.

ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. పొద్దున్న పొగమంచులో బస్సు నంబరు కనపడదు, కండక్టరు అరుపుని బట్టి ఎక్కాలి. నోయిడాలో ఆఫీసుకి చేరేసరికి రెండు బస్సులు మారాలి. నేను అద్దెకుంటున్న క్వార్టరు వాళ్ళు మన తణుకు వైపు వాళ్ళే. ఆంటీ ఆదివారం పిలిచి అన్నం పెడుతుంది, మిగతా రోజులు రొట్టెలే. వాళ్ళమ్మాయిని తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెబుతుంది. రోజు మొత్తం మీద నేను నాలుగు తెలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది, విసుక్కోకుండా చదువు.

నేను గీసేవి ఫ్యాక్టరీల్లో పెట్టే పెద్ద ఇనప ట్యాంకుల డ్రాయింగులు. ప్రతి డ్రాయింగుకీ కింద కుడిమూల గళ్ళపట్టీ ఒకటి ఉంటుంది, టైటిల్ బ్లాక్ అంటారు. మీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద పేరూ, తరగతీ, రోల్ నంబరూ ఉన్నట్టు ఇందులో డ్రాయింగు పేరూ, నంబరూ, ఎవరు గీశారు, ఎన్నోసారి మార్చారు అని ఉంటుంది. మామూలుగా కాగితానికి ఒకటి చాలు. మా ఖర్మకి ఒక్కో కాగితానికి మూడు. మా కంపెనీది ఒకటి, డిజైను చేసినవాళ్ళది ఒకటి, ట్యాంకు తయారు చేయించుకునే పార్టీది ఒకటి. ఎవరి గళ్ళు వాళ్ళవి, ఎవరి నంబరు వాళ్ళది. కంప్యూటర్లో ఒకదాంట్లో మారిస్తే మిగతా రెండూ వాటంతట అవి మారవు. మూడూ విడివిడిగా తెరిచి, విడివిడిగా టైపు చెయ్యాలి. ట్యాంకు గీయడం హాయి. ఈ గళ్ళు నింపేసరికే నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

గీసినవాడి గడిలో పొడి అక్షరాలు వెయ్యాలి. మనకి ఇంటిపేరు ముందు కదా. కర్రి సూర్యనారాయణ, కె.ఎస్. కాకినాడ ఐటీఐలో రెండేళ్ళు అదే వేశాను, చేతికి అదే అలవాటు. ఇక్కడ చేరినరోజే మా బాస్ మెహతా సాబ్ “కేయెస్ తో హమారే కర్తార్ జీ హై. తుమ్ ఎస్కే లిఖో” అన్నారు. కె.ఎస్. అంటే ఇప్పటికే కర్తార్ సింగ్ ఉన్నాడు, నువ్వు తిరగేసి రాసుకో అని. సరే అన్నాను. ఊరు దాటాక ఇంటిపేరు వెనక్కి పోతే పోయింది అనుకున్నాను.

కర్తార్ సింగ్ గారి గురించి నీకు ముందే రాశాను. నాకు హిందీ నేర్పింది ఆయనే. నాకు స్వెట్టరు అల్లింది ఆయన భార్య. ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద చేత్తో గీసిన మనిషి. ఆయన రబ్బరు వాడగా ఎవరూ చూడలేదని ఆఫీసులో చెప్పుకుంటారు. కంప్యూటర్లు వచ్చాక బోర్డులు తీసేశారు. ఆయన్ని నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, పని నేర్చుకునేదాకా మా అందరి డ్రాయింగుల్లో ఈ టైటిల్ బ్లాకులు నింపమన్నారు. యాభై ఆరేళ్ళ మనిషి, ఒక్కో అక్షరం కీబోర్డు మీద వెతుక్కుంటూ కొట్టేవారు. “బేటా, ఇది మనం చెప్పిందే రాసిందా చూడు” అని నన్ను పిలిచేవారు.

కిందటి నెల ఒక ట్యాంకు డ్రాయింగు మార్చాల్సి వచ్చింది. ఒక పక్కన ఉన్న పైపు రంధ్రం ఎదురు పక్కకి జరపాలి. అర్జెంటు అన్నారు. ఆ రోజు కర్తార్ సింగ్ గారు వేరే పనిలో ఉన్నారని గళ్ళు కూడా నేనే నింపాను. రంధ్రం జరిపాను. మొదటి రెండు టైటిల్ బ్లాకుల్లో మొదటిసారి మార్చినది అని వేశాను. మూడోది, పార్టీ వాళ్ళది, తెరవడమే మర్చిపోయాను. అందులో పాత నంబరే ఉండిపోయింది. పార్టీ ఆఫీసులో గుమాస్తా తన గళ్ళు మాత్రమే చూశాడు. ఇది మన దగ్గరున్న పాత కాగితమేగా అని పక్కన పడేశాడు. కార్ఖానాలో పాత డ్రాయింగు చూసి అంత మందపు ఇనప రేకుకి తప్పు పక్కన రంధ్రం కోసేశారు. ఇంక ఆ రేకు దేనికీ పనికిరాదు.

పార్టీ వాళ్ళు మండిపడి ఆ మూడో గళ్ళపట్టీ మటుకు ఫ్యాక్స్ చేశారు. దాంట్లో గీసినవాడి గడిలో ఏముందనుకున్నావు? కె.ఎస్. కర్తార్ సింగ్ గారు నా పక్కకి రాకముందు, ఆ డ్రాయింగు మొట్టమొదట గీసినప్పుడు అలవాటు చొప్పున నేను కొట్టిన అక్షరాలు. తర్వాత ఆ బ్లాకు తెరిస్తేగా మార్చడానికి.

మెహతా సాబ్ అందర్నీ గదిలోకి పిలిచారు. ఫ్యాక్స్ కాగితం బల్ల మీద పెట్టి “కర్తార్ జీ, ఏ ఆప్ కా హై?” అన్నారు, ఇది మీదేనా అని. నాకు చూడగానే తెలిసింది. నేను ప్రతి అక్షరం పక్కన చుక్క పెడతాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా చుక్కలు లేకుండా వేస్తారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. “మేరా హీ హోగా, సాబ్” అన్నారు. నాదే అయ్యుంటుంది అని.

నేను అక్కడే ఉన్నానక్కా. ఆయన పక్కనే, మోచెయ్యి తగిలేంత దూరంలో. పర్మినెంటు కాగితం మీద ఆ వారమే సంతకం కావాలి. తర్వాత ఒంటరిగా వెళ్ళి చెబుదాంలే అనుకున్నాను, పిరికివెధవని. సాయంత్రానికి ఆయన్ని ఇక విశ్రాంతి తీసుకోండి అని పంపేశారు. శుక్రవారం నా చేతికి కాగితం ఇచ్చారు. అందరూ కంగ్రాట్స్ అన్నారు. నేను థాంక్యూ కూడా చెప్పాను.

ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. పని ముందు కూర్చుంటే పక్క కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది. ఎవరికి చెప్పుకోను? ఈ ఊళ్ళో నాకు పెద్దదిక్కంటూ ఉన్నది ఆయనే, ఆయన్నే ముంచాను.

ఇవాళ మధ్యాహ్నం కరోల్ బాగ్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. సందులో మూడో అంతస్తు. చూడ్డానికి వచ్చాననుకుని ఆయన ఎంత సంతోషించారో చెప్పలేను. టీ ఇచ్చారు. నాకు పర్మినెంటు అయిందని ఎవరో చెప్పారట, వీపు తట్టారు. ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి నాతో మొర పెట్టుకుంది. “నువ్వన్నా చెప్పు బేటా. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేస్తున్నారు. తాళం వేసి కిందికి దిగి మళ్ళీ పైకి వస్తున్నారు. కళ్ళ డాక్టరు కళ్ళు బాగున్నాయన్నాడు. కళ్ళు బాగుంటే మరి లోపం బుర్రలోనే కదా అంటున్నారు.”

ఆవిడ లోపలికి వెళ్ళాక ఆయన గొంతు తగ్గించి అన్నారు. “సూర్యా, ఆ డ్రాయింగు నేను తెరిచినట్టే గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆ చుక్కలు కూడా నేను పెట్టను. కంప్యూటరే పెట్టిందేమో అనుకున్నాను. మా నాన్నకీ మతి పోవడం ఇలాగే మొదలైంది.”

ఉద్యోగం పోయిందని ఏడుస్తారేమో అనుకుని వెళ్ళాను. ఆయన ఉద్యోగం ఊసే ఎత్తలేదు. తన బుర్ర మీద తనకి నమ్మకం పోయి కూర్చున్నారు. నేను చేసింది అదీ.

“కర్తార్ జీ, ఓ కేయెస్ మై హూ” అన్నాను, ఆ కె.ఎస్. నేనే అని. నా హిందీకి అంతకంటే రాలేదు. ఆయనకి అర్థం కాలేదు. నా పేరు మా వైపు రాసే పద్ధతిలో రాసి, చుక్కలు పెట్టి చూపించాను. ఆయన ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశారు. నన్ను తిడతారనుకున్నాను, కొట్టినా పడేవాణ్ణి. ఆయన లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి “సున్, ఓ గల్తీ మేరీ నహీ థీ” అన్నారు. విను, ఆ తప్పు నాది కాదట అని. మళ్ళీ అదే అన్నారు. ఆవిడ బయటికి వచ్చి నా ఒంటి మీద స్వెట్టరు వంక చూసింది, నా మొహం వంక చూడలేదు.

నేను రేపు మెహతా సాబ్‌కి నిజం రాసి ఇచ్చేస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “వాళ్ళకి ఇవ్వు, ఇవ్వకపో. బోర్డులే లేవు, నేను వెళ్ళి ఏం చేస్తాను” అన్నారు. నిజమే, నేను చెప్పినంత మాత్రాన ఆయన కుర్చీ తిరిగి రాదు. నాది మటుకు పోతుంది. అయినా రేపు ఇస్తాను. వేరే ఉద్యోగం వెతుక్కోవాలి కనక నా ఐటీఐ సర్టిఫికెట్ నకళ్ళు రెండు అటెస్ట్ చేయించి వెంటనే పంపు. బావగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు. పిన్నిగారికీ, బాబాయిగారికీ నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. బాగా ఉన్న తమ్ముణ్ణి దీవించినట్టు కాదు, తప్పు చేసినవాణ్ణి దీవించినట్టు దీవించు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఉత్తరం రాయడం మటుకు మానకు.

బయల్దేరుతుంటే కర్తార్ సింగ్ గారు ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టారు. ఇప్పుడు చెప్పినదంతా ఇందులో రాసి సంతకం పెట్టమన్నారు. ఆఫీసులో చూపించడానికా అని అడిగాను. కాదన్నారు.

“రేపు పొద్దున్న లేచాక ఇదంతా నేనే కలగన్నానేమో అనుకుంటాను. అప్పుడు తీసి చదువుకోవడానికి” అన్నారు.

రాసి ఇచ్చి వచ్చానక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
సూర్యం