గట్టిమేళం కింద

ఉప్పుగూడ, 2004. బుధవారం రాత్రి.

ఛీ! చెవులు కడుక్కోవాలనిపిస్తోంది.

చెల్లెలు లక్ష్మి పెళ్లి వీడియో క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేస్తున్నాను. సాయంత్రం లక్ష్మి వచ్చి పక్కనే కూర్చుంది. "అన్నా, గీ మేళం లొల్లిల మంత్రాలే ఇనవడ్తలేవు. జర సరిచెయ్యి" అంది. సరేనని పెద్ద చప్పుళ్లను తగ్గించి, చిన్నవాటిని పెంచే సెట్టింగు పెట్టాను.

తాళి కట్టే వేళ చెడు మాట చెవిన పడకూడదనే కదా గట్టిమేళం వాయిస్తారు! ఆ మేళాన్ని నా చేత్తో నేనే అణిచాను. మంత్రం వినిపించింది. దాని వెనకే, కెమెరా పక్కన నిలబడి అక్షింతలు వేస్తున్న మా మేనత్త గొంతు కూడా వినిపించింది. "హమ్మయ్య, పీడ పోయింది. ఇగ వాడే మోస్తడు."

అప్పగింతలప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఈవిడే. థూ!

లక్ష్మి తెర మీంచి కళ్లు తిప్పకుండా, "అన్నా, మేళం మల్ల పెంచు" అంది.

పెంచాను. అయినా నాకు ఆ గొంతే వినిపిస్తోంది. ఆదివారం అత్త భోజనానికి వస్తుంది. లక్ష్మిని దగ్గరికి తీసుకుని బుగ్గలు నిమురుతుంది. అప్పుడు ఏ మేళం పెంచను...