మలగా ఒడ్డున పిట్టకు పెట్టాను

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. స్పెయిన్ దక్షిణాన, మలగా సముద్రపు ఒడ్డున కూర్చుని రాస్తున్నాను. రేగొండ బడిలో జాగ్రఫీ చెబుతూ, ఎప్పటికైనా చూడాలని నువ్వు నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ నీ బిడ్డ స్వప్న నన్ను ఇక్కడికి తీసుకొచ్చి చూపించింది: కొండ మీది కోట, నెర్హా గుహలు, ఇసుక నింపిన పడవలో నిప్పుల మీద కాల్చే చేపలు.

"గంత దూరం ఎందుకక్కా, కాళేశ్వరం పోయొద్దాం" అని నిన్ను ఆపింది నేనే. నీ పదో రోజు పిట్టకు పెడితే మధ్యాహ్నం దాకా కాకి ముట్టలేదు. "దానికేదో కోరిక మిగిలిపోయింది" అన్నాడు బావ. నేను తలెత్తలేదు.

అందుకే ఇవాళ ఆ కాల్చిన చేపలు రెండు కాగితం పళ్లెంలో ఇసుక మీద పెట్టాను. కాకులు కనబడలేదు. తెల్లటి సముద్రపు పక్షి ఒకటి వాలి గబగబా మింగేసింది.

"ముట్టింది చిన్నమ్మా! గిది గూడ పిట్టనే గద, ఇంక పరేషాన్ గాకు" అంది స్వప్న, కళ్లు తుడుచుకుంటూ.

సరేనన్నాను. కానీ అక్కా, నాకు పెట్టకుండా నువ్వు ఏనాడూ చేప తినలేదు. ఆ పక్షి ముల్లు కూడా మిగల్చలేదు.