బంద్ నాటి ఎన్నిక

దిల్‌సుఖ్‌నగర్, 2011

చిరంజీవి సుజనకు ఆశీస్సులు.

నిన్న బంద్ కదా, మన పరిశోధన పత్రాల వెబ్‌సైటుకు కొత్త ప్రధాన సంపాదకుల్ని ఎన్నుకోవడానికి ఆఫీసుకు నడిచి రాగలిగింది ఐలయ్యగారూ నేనూ మాత్రమే. ప్రత్యేక రాష్ట్రం గొడవ సైటులోకీ వస్తుందేమోనని ఇద్దరికీ బెరుకే. అందుకే కోస్తావాణ్ణయిన నేను తెలంగాణ యోగేందర్ పేరు చెప్పాను. ఆయనేమో మా గుంటూరు ఉదయలక్ష్మిగారి పేరు చెప్పారు. నేను వాళ్ల మనిషి కోసం, ఆయన మా మనిషి కోసం రెండు గంటలు వాదించుకున్నాం. గొంతులు కూడా లేచాయి.

చివరికి ఆయనే నవ్వి, "సారూ, మర్యాదకు పోయి పరేషాన్ అయితున్నం. గీ పని అసలు ఎవరు చేస్తున్రో జర సూద్దాం," అన్నారు. సైటు తెరిచాం. ఏ పత్రం చూసినా అడుగున ఒకటే మాట, 'సరిచూసినవారు: సుజన'. ఐదేళ్లుగా అదే. మా ఇద్దరికీ నువ్వు గుర్తే రాలేదు, ఏమీ అనుకోకు.

నియామక పత్రం జతచేశాను. ఐలయ్యగారు చెబుతుంటే నేను రాశాను, తప్పులుంటాయి. మన పద్ధతి ప్రకారం నువ్వు సరిచూస్తేగాని అది సైటులోకి ఎక్కదు. తప్పులన్నీ కొట్టెయ్యమ్మా, నీ పేరు మాత్రం కొట్టెయ్యకు.

ఇట్లు,
ఆలస్యంగా కళ్లు తెరిచిన నీ మాస్టారు