ఊటీలో ఉడకని పప్పు

పురసవాక్కం, చెన్నై, 12-6-97

శ్రీవారికి, పుట్టింటికి క్షేమంగానే చేరాను, కోపం మాత్రం తగ్గలేదు.

నిన్న ఇక్కడ కందిపప్పు మామూలు గిన్నెలోనే వండాను. వెన్నలా ఉడికింది. ఊటీలో రెండింతల సేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పోయేది కాదని మా తమ్ముడు గిరితో అన్నాను. “కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ గదక్కా. ఆడ నీళ్ళు తక్కువ వేడికే తెర్లిపోతాయి. ఎంత మంట పెట్టినా ఆపైన వేడెక్కవు. ఇంక కుక్కర్ లేకుండా పప్పెట్ల ఉడుకుతాది?” అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి చెన్నైలో నా పప్పు లొట్టలేసుకుని తిన్నారు. ఊటీకి బదిలీ కాగానే నా చెయ్యి పాడైపోయిందా? కుక్కర్ రబ్బరు చిరిగింది, కొత్తది తెమ్మని ఎన్నిసార్లు అడిగాను? “వంట రానోళ్ళకే ఈ సాకులన్నీ” అంటూ చుట్టాల ముందు మీ అక్క నా పప్పు సింకులో కుమ్మరిస్తుంటే మీరు పేపరు చదువుకుంటూ కూర్చున్నారు.

మామయ్యగారి దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం ఇవ్వండి. ఆయనకు నా దండాలు చెప్పండి.

కుక్కర్‌కు రబ్బరు వేయించి, మీరే పప్పు వండి మీ అక్కకు వడ్డించి, తప్పు నాది కాదని ఆవిడతో చెప్పండి. అప్పుడే బస్సెక్కుతాను. ఆవిడ కూడా చదవాలనే కవరు కాకుండా కార్డు రాశాను.

అమ్మణి